సిగ్నిఫికెంట్ అనే మాట: అర్థాలు, వాడుక, తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో పీజీ, పీహెచ్‌డీ పిల్లల ఇంగ్లిష్ రాతను సరిచూసి ఇవ్వడం నా పని. యూనివర్సిటీలు, వ్యవసాయ కాలేజీ, మెడికల్ కాలేజీ, ఐఐటీ, ఐసర్ అన్నీ ఈ ఊరి చుట్టూనే ఉన్నాయి. అందుకని వేరుశెనగ మీద థీసిస్, షుగర్ జబ్బు మీద థీసిస్, సహకార బ్యాంకుల మీద థీసిస్ ఒకే వారంలో నా బల్ల మీదికి వస్తుంటాయి. సబ్జెక్టులు ఏవైనా అన్నింట్లోనూ కనిపించే మాట సిగ్నిఫికెంట్. అన్నిటికంటే ఎక్కువగా తప్పు చోట పడేదీ అదే. పిల్లలు అడిగే ప్రశ్నలను, నేను చెప్పే జవాబులను ఇక్కడ ఒకచోట రాసిపెట్టాను. ఇంగ్లిష్ ఉదాహరణలు కూడా తెలుగు లిపిలోనే ఉన్నాయి. వాటిని పైకి చదవండి, నోటికి అలవాటవుతాయి.

సిగ్నిఫికెంట్ అంటే ఒక్క ముక్కలో ఏమిటి?

లెక్కలోకి తీసుకోవలసినది. మన పత్రికలు రాసే 'గణనీయమైన' అనే మాట దీనికి బాగా దగ్గర. 'ధరలు గణనీయంగా పెరిగాయి' అన్నప్పుడు ఆ పెరుగుదలను పట్టించుకోక తప్పదని అర్థం. పక్కన పెట్టేయడానికి వీల్లేనంత ఉందన్నమాట.

ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

లాటిన్ నుంచి. అక్కడ సిగ్నమ్ అంటే గుర్తు, ఫాకెరె అంటే చేయడం. రెండూ కలిసి సిగ్నిఫికారె, అంటే గుర్తు ద్వారా తెలియజేయడం. సిగ్నల్, సిగ్నేచర్, సైన్ అన్నీ ఆ ఇంటి మాటలే. అసలు అర్థం 'దేన్నో సూచించేది' అని. 'ముఖ్యమైనది' అనే అర్థం దాని నుంచి పుట్టింది. ఈ సంగతి గుర్తుంచుకోండి. కింద స్టాటిస్టిక్స్ దగ్గరికి వచ్చేసరికి గందరగోళమంతా దీని చుట్టే తిరుగుతుంది.

ఇంపార్టెంట్‌కీ సిగ్నిఫికెంట్‌కీ తేడా ఏమిటి? ఒకదాని బదులు ఇంకొకటి రాయొచ్చా?

కొన్నిచోట్ల రాయొచ్చు. 'యాన్ ఇంపార్టెంట్ రోల్' అన్నా 'ఎ సిగ్నిఫికెంట్ రోల్' అన్నా పెద్ద తేడా రాదు. కానీ 'నీళ్లు తాగడం ఇంపార్టెంట్' అని చెప్పదలచిన చోట సిగ్నిఫికెంట్ పెడితే ఇంగ్లిష్ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇంపార్టెంట్‌లో అవసరం, విలువ ఉంటాయి. సిగ్నిఫికెంట్‌లో పరిమాణమో, ప్రభావమో, దాని వెనుక ఒక అర్థమో ఉంటుంది. అమ్మానాన్నలు మనకు ఇంపార్టెంట్. వర్షపాతంలో వచ్చిన తగ్గుదల సిగ్నిఫికెంట్. పరీక్షకు ఇంపార్టెంట్ క్వశ్చన్స్ ఉంటాయి. వాటిని సిగ్నిఫికెంట్ క్వశ్చన్స్ అని ఎవరూ అనరు.

ఈ మాటను అకడమిక్ పదం అని ఎందుకంటారు?

న్యూజిలాండ్‌లోని విక్టోరియా యూనివర్సిటీ ఆఫ్ వెల్లింగ్టన్‌లో పనిచేసిన ఆవరిల్ కాక్స్‌హెడ్ 2000లో అకడమిక్ వర్డ్ లిస్ట్ అనే పట్టికను ప్రచురించారు. సైన్స్, ఆర్ట్స్, కామర్స్, లా అనే నాలుగు రంగాల రచనల్లోనూ తరచుగా వచ్చే 570 పద కుటుంబాలు అందులో ఉన్నాయి. వాటిని ఎంత తరచుగా వస్తాయన్న లెక్కన 10 ఉపపట్టికలుగా విడదీశారు. మన సిగ్నిఫికెంట్ మొదటి ఉపపట్టికలోనే ఉంది. పద కుటుంబం అంటే సిగ్నిఫికెన్స్, సిగ్నిఫికెంట్లీ, సిగ్నిఫై, ఇన్‌సిగ్నిఫికెంట్ అన్నీ కలిపి. ఒకటి నేర్చుకునేటప్పుడు మిగతావి కూడా పట్టేయండి.

స్టాటిస్టిక్స్‌లో సిగ్నిఫికెంట్ అంటే వేరే అర్థమా?

అవును, వేరే. పెద్ద చిక్కంతా ఇక్కడే. రెండు గుంపుల మధ్య తేడా కనిపించింది అనుకుందాం. ఆ తేడా నిజంగా ఏదో కారణం వల్ల వచ్చిందా, లేక యాదృచ్ఛికంగా అలా పడిందా? 'ఇది ఊరికే పడిన తేడాలా లేదు' అని లెక్క కట్టి చెప్పడమే స్టాటిస్టికల్లీ సిగ్నిఫికెంట్ అనడం. 1885లోనే ఎజ్‌వర్త్ అనే ఆర్థికవేత్త ఈ మాటను సంఖ్యల తేడాల విషయంలో వాడాడు. ఆయన ఉద్దేశం లాటిన్ అర్థమే: ఈ తేడా దేన్నో సూచిస్తోంది, దీని వెనుక ఏదో ఉంది, వెతకండి అని. తేడా పెద్దదని గానీ, గొప్పదని గానీ అందులో లేదు. తర్వాతి కాలంలో మామూలు ఇంగ్లిష్‌లో 'ముఖ్యమైన' అనే అర్థం బలపడిపోయింది. ఇప్పుడు చదివేవాళ్లు లెక్కల అర్థాన్ని చూసి ముఖ్యమైనదనే అర్థం తీసుకుంటున్నారు.

ఒక నాణెంతో చూపిస్తాను. పదిసార్లు ఎగరేశారు, తొమ్మిదిసార్లు బొమ్మే పడింది. నాణెంలో ఏ లోపమూ లేకపోతే, ఒకే వైపు తొమ్మిది లేదా పదిసార్లు పడే అవకాశం 1,024లో 22. అంటే సుమారు 2 శాతం. మామూలుగా పెట్టుకునే హద్దు 5 శాతం, అంటే 0.05. దానికంటే తక్కువ కాబట్టి 'సిగ్నిఫికెంట్' అంటాం, నాణెం మీద అనుమానపడతాం. అదే ఎనిమిదిసార్లు బొమ్మ పడితే? ఒకే వైపు ఎనిమిది లేదా అంతకు మించి పడే అవకాశం 1,024లో 112, దాదాపు 11 శాతం. ఇప్పుడు సిగ్నిఫికెంట్ అనలేం. నాణెం మంచిదని రుజువైనట్టు కూడా కాదు. అనుమానించడానికి ఈ పది ఎగరేతలు చాలవు, అంతే.

ఆ 0.05 ఎవరు పెట్టారు? అదేమైనా సహజ నియమమా?

నియమమేమీ కాదు, ఒక ఆనవాయితీ. ఇంగ్లండ్‌లో రోథామ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసిన రొనాల్డ్ ఫిషర్ 1925లో పరిశోధకుల కోసం రాసిన పుస్తకంలో, 20లో ఒకటి అనే హద్దు సౌకర్యంగా ఉంటుందని సూచించాడు. లోకమంతా దాన్ని పట్టుకుంది. పొలాల్లో ఎరువుల ప్రయోగాలను విశ్లేషించే పనిలో రూపుదిద్దుకున్న పద్ధతులు ఇవి. ఇవాళ మన వ్యవసాయ కాలేజీ పిల్లలు మడులు కట్టి చేసే ప్రయోగాలకు పూర్వీకులు ఆ పొలాలే.

ఫిషర్ చెప్పిన టీ కప్పుల ఉదాహరణ చాలామందికి తెలిసే ఉంటుంది. పాలు ముందు పోశారో, టీ ముందు పోశారో రుచి చూసి చెప్పగలనని ఒకావిడ అంది. ఎనిమిది కప్పులు పెట్టారు, నాలుగు ఒక రకం, నాలుగు ఇంకో రకం. ఎనిమిదిలోంచి నాలుగు ఎంచుకునే మార్గాలు 70. గుడ్డిగా చెప్పినా అన్నీ సరిపోయే అవకాశం 70లో ఒకటి, అంటే 1.4 శాతం. అదే ఆరు కప్పులే పెడితే మార్గాలు 20, సరిగ్గా 5 శాతం హద్దు మీద ఆగిపోతుంది. ప్రయోగం మొదలుపెట్టకముందే ఎన్ని కప్పులు కావాలో లెక్కపెట్టుకోవాలని ఈ ఉదాహరణ నేర్పుతుంది. డేటా అంతా తెచ్చాక శాంపిల్ సైజు సంగతి అడిగే పిల్లలకు నేను ముందు ఈ కథే చెబుతాను.

ఇక్కడ మన మనిషి ఒకరిని తలచుకోవాలి. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు గారు కేంబ్రిడ్జిలో ఈ ఫిషర్ దగ్గరే పీహెచ్‌డీ చేశారు, 1948లో. సిగ్నిఫికెన్స్ పరీక్షల్లో ఆయన పేరు మీదే ఒకటి ఉంది, రావ్స్ స్కోర్ టెస్ట్. 2023లో, 102 ఏళ్ల వయసులో ఆయనకు స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి వచ్చింది. ఆ ఏడాదే కన్నుమూశారు.

0.05 అన్ని రంగాల్లోనూ చెల్లదు. 2012లో హిగ్స్ బోసాన్‌ను ప్రకటించిన భౌతిక శాస్త్రవేత్తలు ఐదు సిగ్మా హద్దు పెట్టుకున్నారు. అంటే సుమారు 35 లక్షల్లో ఒకటి. జన్యువులను వెతికేవాళ్లు ఒకేసారి లక్షల చోట్ల పరీక్షిస్తారు కాబట్టి ఇంకా కఠినమైన హద్దు పెట్టుకుంటారు.

పీ విలువ 0.03 వచ్చింది. నా ఫలితం తప్పయ్యే అవకాశం 3 శాతమేనా?

కాదు. దాదాపు అందరూ ఇలాగే అనుకుంటారు. నిజంగా తేడా ఏమీ లేదని ముందు అనుకోవాలి. అలా అనుకున్నప్పుడు, మీకు కనిపించినంత తేడా, లేదా అంతకంటే ఎక్కువ తేడా, కేవలం యాదృచ్ఛికంగా కనిపించే అవకాశమే పీ విలువ. 'తేడా లేదు' అనేది నిజమయ్యే అవకాశం ఎంత అనే ప్రశ్నకు అది జవాబు చెప్పదు. వైవాలో ఈ ఒక్క వాక్యం తడబడకుండా చెబితే ఎగ్జామినర్ ముఖం మారిపోతుంది. అద్దం ముందు నిలబడైనా సాధన చేయండి.

ఎస్‌పీఎస్‌ఎస్‌లో పీ విలువ చూపించే సిగ్ అనే కాలమ్‌లో 0.000 వచ్చింది. అలాగే రాసేయనా?

రాయకండి. సున్నా అవకాశం అంటే అసలు సాధ్యమే కాదని చెప్పినట్టు. సాఫ్ట్‌వేర్ మూడు దశాంశాల దగ్గర కత్తిరించి చూపిస్తోంది, అంతే. '0.001 కంటే తక్కువ' అని రాయండి.

0.06 వచ్చింది. 'ఆల్మోస్ట్ సిగ్నిఫికెంట్' అనొచ్చా?

అనకండి. హద్దు ముందే పెట్టుకున్నది మీరే. దాటలేదు కాబట్టి దాటలేదనే చెప్పాలి. అలాగని 0.049కీ 0.051కీ మధ్య పెద్ద గోడ ఏమీ లేదు. అసలు విలువను ఉన్నదున్నట్టు రాసి, తేడా ఎంతో, దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, అంటే అసలు తేడా ఉండగల పరిధి, ఎంతో పక్కనే ఇవ్వండి. చదివేవాళ్లు తమకు తామే తూచుకుంటారు.

నా ఫలితాలన్నీ నాన్ సిగ్నిఫికెంట్, అంటే 'ఎన్‌ఎస్' వచ్చాయి. థీసిస్ పోయినట్టేనా?

ఈ ప్రశ్న చాలా రూపాల్లో వస్తుంది. ఒకమ్మాయి స్పైరల్ బైండింగ్ చేసిన డ్రాఫ్ట్ తెచ్చి, ఎన్‌ఎస్ ఉన్న ప్రతి వరుస పక్కనా పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టి చూపించింది. 'సార్, సీజన్ అంతా ఎండలో నిలబడి తెచ్చిన డేటా. తేడానే లేదని వచ్చింది. గైడ్‌గారికి ఎలా చూపించాలో తెలియక శానా టెన్షన్‌గా ఉంది' అంది. ఆ పేజీలు చూశాను. ప్రయోగం పద్ధతిగా ఉంది, కొలతలు జాగ్రత్తగా ఉన్నాయి. 'అమ్మా, నువ్వు చేసిన పనిలో తప్పేమీ లేదు. చెప్పే తీరు ఒక్కటి మార్చుకుంటే చాలు' అన్నాను.

మార్చవలసింది ఏమిటంటే: 'దేర్ వాజ్ నో డిఫరెన్స్' అని రాయకూడదు. 'నో సిగ్నిఫికెంట్ డిఫరెన్స్ వాజ్ డిటెక్టెడ్' అని రాయాలి. మొదటిది తేడా లేదని తీర్పు చెబుతుంది. రెండోది ఈ ప్రయోగంలో, ఇన్ని మడులతో, తేడాను పట్టుకోలేకపోయామని చెబుతుంది. అలాగే ఇన్‌సిగ్నిఫికెంట్ అనే మాటకు దూరంగా ఉండండి. మామూలు ఇంగ్లిష్‌లో దానికి 'అల్పమైన, పనికిమాలిన' అనే అర్థం ఉంది. మీ పరిశోధనను మీరే తీసిపారేసినట్టు వినిపిస్తుంది. నాట్ సిగ్నిఫికెంట్, లేదా నాన్ సిగ్నిఫికెంట్ రాయండి.

ఖర్చు ఎక్కువైన మందు చల్లినా, చల్లకపోయినా దిగుబడిలో తేడా పట్టుబడలేదని తెలిస్తే రైతుకు అది పనికొచ్చే కబురే. మంచి పద్ధతిలో చేసిన ఎన్‌ఎస్‌ను దాచిపెడితే, ఇంకో జిల్లాలో ఇంకో పిల్ల అదే ప్రయోగం మళ్లీ చేసి అదే ఎండలో నిలబడుతుంది.

సిగ్నిఫికెంట్ అని వస్తే పెద్ద తేడా ఉన్నట్టేగా?

కాదు. లెక్క వేసి చూద్దాం. ఇవి ఉదాహరణ కోసం నేను అనుకున్న అంకెలు. రెండు వేరుశెనగ రకాలను ఒక్కొక్కటి 2,500 మడుల్లో వేశారు. సగటు దిగుబడిలో తేడా ఎకరాకు 15 కిలోలు. మడికీ మడికీ ఉండే హెచ్చుతగ్గులు, అంటే స్టాండర్డ్ డీవియేషన్, 200 కిలోలు. పరీక్ష పెడితే పీ విలువ 0.01 లోపే వస్తుంది. సిగ్నిఫికెంట్! కానీ 15 కిలోల కోసం ఏ రైతూ విత్తనం మార్చడు.

ఇప్పుడు తిప్పి చూడండి. ఒక్కో రకం ఐదేసి మడుల్లోనే వేశారు. తేడా ఎకరాకు 150 కిలోలు, హెచ్చుతగ్గులు అంతే. పీ విలువ సుమారు 0.27. సిగ్నిఫికెంట్ కాదు. కానీ 150 కిలోలంటే ఏ రైతైనా 'ఇంకోసారి చూడండి సార్' అంటాడు.

మడుల సంఖ్య పెరిగితే చిన్న తేడా కూడా సిగ్నిఫికెంట్ అవుతుంది. తగ్గితే పెద్ద తేడా కూడా దొరకదు. అందుకే ఆ మాట ఒంటరిగా ఎప్పుడూ నిలబడకూడదు. తేడా ఎంతో కిలోల్లో, రూపాయల్లో, మిల్లీమీటర్లలో పక్కనే ఉండాలి. సిగ్నిఫికెంట్ అని రాయడమంటే చదివేవాళ్లకు ఒక హామీ ఇవ్వడం. ఏ కొలబద్ద మీద ఇస్తున్నారో చెప్పకపోతే ఆ హామీకి విలువ లేదు. ఎన్ని థీసిస్‌లు చూసినా నేను అడిగేది ఈ ఒక్కటే.

వ్యవసాయ థీసిస్‌లలో 'సీడీ', 'ఆన్ పార్' అంటారు. అవీ ఇందులో భాగమేనా?

అవును. పట్టిక అడుగున ఎస్‌ఈఎం, సీడీ, సీవీ అని మూడు వరుసలు ఉంటాయి కదా. సీడీ అంటే క్రిటికల్ డిఫరెన్స్. రెండు ట్రీట్‌మెంట్ల సగటుల తేడా దీన్ని దాటితే సిగ్నిఫికెంట్, దాటకపోతే ఆన్ పార్. 'టీ4 వాజ్ సిగ్నిఫికెంట్లీ సుపీరియర్ టు టీ1 అండ్ ఆన్ పార్ విత్ టీ3' అనే వాక్యం మన దగ్గర ప్రతి థీసిస్‌లోనూ ఉంటుంది. విదేశీ జర్నల్‌కు పంపేటప్పుడు మాత్రం ఆన్ పార్ తీసేసి 'డిడ్ నాట్ డిఫర్ సిగ్నిఫికెంట్లీ ఫ్రమ్' అని రాయండి. అక్కడివాళ్లు దీన్ని 'సమానం' అని చదువుకునే ప్రమాదం ఉంది. ఒక స్టార్ ఉంటే 5 శాతం, రెండు స్టార్లుంటే 1 శాతం స్థాయి అన్నది మామూలుగా పాటించే పద్ధతి. ఏ స్టార్ దేనికో పట్టిక కింద రాయడం మరిచిపోకండి.

డాక్టర్లు 'క్లినికల్లీ సిగ్నిఫికెంట్' అంటారు. అదేమిటి?

రోగికి తెలిసొచ్చేంత మేలు జరిగిందా అని. వేలమంది మీద పరీక్షించిన మందు బీపీని సగటున ఒక్క మిల్లీమీటరు తగ్గించినా, స్టాటిస్టికల్లీ సిగ్నిఫికెంట్ అని రావచ్చు. ఆ ఒక్క మిల్లీమీటరు కోసం జీవితాంతం మాత్ర మింగమని ఏ డాక్టరూ రోగికి చెప్పడు. మెడికల్ పీజీలు థీసిస్‌లో రెండు మాటలనూ విడివిడిగా, ముందు విశేషణంతో సహా రాయాలి. ఉత్త సిగ్నిఫికెంట్ అని వదిలేస్తే ఏ అర్థంలో అన్నారో తెలియదు.

సిగ్నిఫికెంట్ ఫిగర్స్ అంటే?

ఇంటర్ ఫిజిక్స్‌లో సార్థక సంఖ్యలు అని చదివారే, అవే. కొలతలో నమ్మదగిన అంకెలు. 0.00450లో మూడు: 4, 5, చివరి సున్నా. ముందున్న సున్నాలు దశాంశ స్థానం చూపడానికి మాత్రమే. లెక్కపెట్టిన సంఖ్యలకు ఈ గొడవ లేదు. అలిపిరి మెట్లు 3,550 అంటే ఒక్కొక్కటీ లెక్కపెట్టిన సంఖ్య, దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటాం. అదే దారి పొడవు కిలోమీటర్లలో కొలిస్తే, ఎంత సూక్ష్మంగా కొలిచామో దాన్ని బట్టి అంకెలు రాయాలి. సర్వేకు వచ్చిన 37 మందిలో 14 మంది అవునన్నారని చెప్పి, దాన్ని 37.8378 శాతం అని రాసేవాళ్లున్నారు. 38 శాతం చాలు.

కామర్స్, లా వాళ్లకు దీని అర్థం ఏమిటి?

చట్టం ఈ మాటను గాలికి వదలదు, అంకెతో కట్టేస్తుంది. కంపెనీల చట్టం 2013లో అసోసియేట్ కంపెనీ నిర్వచనంలో సిగ్నిఫికెంట్ ఇన్‌ఫ్లుయెన్స్ అనే మాట ఉంది. మొత్తం ఓటింగ్ హక్కుల్లో కనీసం 20 శాతం మీద అదుపు ఉండటం అందులో ఒక కొలత. అదే చట్టం కింద సిగ్నిఫికెంట్ బెనిఫిషియల్ ఓనర్‌కు 10 శాతం హద్దు. 2021 ఐటీ నిబంధనల కింద సిగ్నిఫికెంట్ సోషల్ మీడియా ఇంటర్మీడియరీ కావాలంటే దేశంలో 50 లక్షల మంది రిజిస్టర్డ్ యూజర్లు ఉండాలి. ఎంకాం, ఎల్‌ఎల్‌ఎం పిల్లలు ఈ పదబంధాల్లోంచి సిగ్నిఫికెంట్ తీసేసి మేజర్ అనో, ఇంపార్టెంట్ అనో మార్చకూడదు. చట్టంలో నిర్వచనం ఉన్న మాటకు పర్యాయపదం ఉండదు.

చరిత్ర, భాష చదివేవాళ్లం. మాకు పీ విలువలు ఉండవు. మేం వాడొచ్చా?

తప్పకుండా వాడొచ్చు. మీ కొలబద్ద వేరు, అంతే. 'దేనికి, ఎందుకు' అని వెంటనే చెప్పాలి. ఏర్పేడు దగ్గరి గుడిమల్లం శివలింగాన్నే తీసుకోండి. 'గుడిమల్లం లింగ ఈజ్ వెరీ సిగ్నిఫికెంట్' అని ఆపేస్తే ఏమీ చెప్పనట్టే. అది క్రీస్తు పూర్వ శతాబ్దాలనాటిదని చాలామంది పండితుల అంచనా కాబట్టి, మానవ రూపంలో శివుణ్ని ఎప్పటి నుంచి చెక్కుతున్నారన్న చర్చకు అది ఆధారం. ఆ ముక్క రాస్తేనే మాట నిలబడుతుంది.

తిరుమల ఘాట్ రోడ్డులో కనిపించే ఎపార్కియన్ అన్‌కన్‌ఫర్మిటీ ఇంకో మంచి ఉదాహరణ. కింద పాత గ్రానైట్ శిలలు, వాటి మీద పొరలు పొరలుగా నగరి క్వార్ట్‌జైట్. రెండింటి మధ్య కాలం ఎడం సుమారు 80 కోట్ల ఏళ్లని చెబుతారు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. బస్సు కిటికీలోంచి చూసేవాళ్లకు అది మామూలు బండ గోడ. ఆ రెండు రాళ్లు కలిసే గీతే జియాలజిస్టులకు సిగ్నిఫికెంట్, ఎందుకంటే ఆ గీత దగ్గర అన్ని కోట్ల ఏళ్ల శిలల ఆనవాలే లేదు. ఎజ్‌వర్త్ చెప్పిన పాత అర్థం ఇక్కడ అచ్చంగా సరిపోతుంది.

ఏ మాటలతో జతపడుతుంది? ప్రిపొజిషన్ ఏది?

ఇంక్రీజ్, డిక్రీజ్, డిఫరెన్స్, ఇంపాక్ట్, కాంట్రిబ్యూషన్, ప్రపోర్షన్ ఈ మాటకు దగ్గరి నేస్తాలు. స్థాయి చెప్పేటప్పుడు అట్: 'సిగ్నిఫికెంట్ అట్ ద 5 పర్సెంట్ లెవెల్'. ఎవరికి, దేనికి అన్నప్పుడు ఫర్: 'సిగ్నిఫికెంట్ ఫర్ స్మాల్ ఫార్మర్స్'. పాత్ర చెప్పేటప్పుడు ఇన్: 'ప్లేస్ ఎ సిగ్నిఫికెంట్ రోల్ ఇన్'. సిగ్నిఫికెంట్లీ డిఫరెంట్ తర్వాత ఫ్రమ్ వస్తుంది.

'ఎ సిగ్నిఫికెంట్ నంబర్ ఆఫ్ ఫార్మర్స్' తర్వాత బహువచన క్రియ రావాలి: వర్, హ్యావ్. వాజ్ రాయకూడదు. ఇది చాలామంది దగ్గర తప్పుతుంది. ఇంకొకటి, వాక్యం మొదట్లో సిగ్నిఫికెంట్లీ అని పెట్టి కామా కొడితే అర్థం మారిపోతుంది. 'సిగ్నిఫికెంట్లీ, నన్ ఆఫ్ ద విమెన్ ఓన్డ్ ల్యాండ్' అంటే 'గమనించవలసిన విషయం, ఆ ఆడవాళ్లలో ఒక్కరికీ భూమి లేదు' అని. ఎంతో పదునైన వాడుక. అధ్యాయానికి ఒక్కసారి చాలు.

స్పెల్లింగ్, ఉచ్చారణ?

చివర ఏఎన్‌టీ, ఈఎన్‌టీ కాదు. నామవాచకంలో కూడా ఏఎన్‌సీఈ. పలికేటప్పుడు ఊనిక రెండో అక్షరం మీద: సిగ్-నిఫ్-ఇకంట్. మనం నాలుగు అక్షరాలనూ ఒకే బరువుతో పలుకుతాం. ఇంటర్వ్యూలో ఆ 'నిఫ్' మీద కాస్త బరువు వేస్తే చాలు.

ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో ఎక్కువసార్లు వాడితే మార్కులు వస్తాయా?

రావు. ఒకే మాట నాలుగుసార్లు వస్తే పదసంపద తక్కువని అనుకుంటారు. పరిమాణం గురించైతే కన్సిడరబుల్, సబ్‌స్టాన్షియల్, స్పష్టంగా కనిపించే మార్పైతే మార్క్‌డ్, ప్రత్యేకంగా చెప్పదగినదైతే నోటబుల్ వాడండి. గ్రాఫ్‌లో 40 నుంచి 42కి వెళ్లినదాన్ని సిగ్నిఫికెంట్ ఇంక్రీజ్ అనకండి. అక్కడ స్లైట్ అనాలి. పరిశోధన పత్రంలో మాత్రం ఈ సలహా తిరగబడుతుంది. అక్కడ పరీక్ష పెట్టి తేల్చినదాన్నే సిగ్నిఫికెంట్ అనండి, దానికి మాటలు మార్చకండి. పరీక్ష పెట్టని పెద్ద తేడాకు సబ్‌స్టాన్షియల్ వాడుకోండి.

సిగ్నిఫికెంట్ అదర్ అంటే ఎవరు?

భర్త, భార్య లేదా జీవిత భాగస్వామి.

తెలుగులో థీసిస్ రాస్తే ఏ మాట వాడాలి?

లెక్కల అర్థానికి సార్థకం, సార్థకత. పరిమాణానికి గణనీయం. చరిత్ర, సాహిత్యాల్లో ప్రాముఖ్యం, విశేషం. మూడింటికీ 'ప్రాముఖ్యం' ఒక్కటే వాడితే ఇంగ్లిష్‌లో ఉన్న గందరగోళాన్ని తెలుగులోకి కూడా తెచ్చుకున్నట్టవుతుంది. ఆ మూడు అర్థాలనూ మూడు మాటలతో చెప్పుకునే వీలు మనకుంది, వాడుకుందాం.

ఈ మాటే మానేయాలని శాస్త్రవేత్తలు అంటున్నారట, నిజమా?

కొందరు అంటున్నారు. 2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ పీ విలువలను ఎలా వాడాలో, ఎలా వాడకూడదో చెబుతూ ఒక ప్రకటన విడుదల చేసింది. 2019లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక వ్యాసం స్టాటిస్టికల్ సిగ్నిఫికెన్స్ అనే భావనకే సెలవు ఇవ్వాలంది. దాని మీద 800 మందికి పైగా సంతకాలు చేశారు. మన గైడ్లు, జర్నల్స్ ఇంకా అడుగుతూనే ఉన్నారు కాబట్టి రాయక తప్పదు. రాయండి, కానీ తేడా పరిమాణాన్నీ, కాన్ఫిడెన్స్ ఇంటర్వల్‌నూ వదలకండి.

'సిగ్నిఫికెన్స్ ఆఫ్ ద స్టడీ' అనే భాగంలో ఏం రాయాలి?

ఇక్కడ పీ విలువలకు పని లేదు. మీ పరిశోధన ఎవరికి, ఎలా పనికొస్తుందో చెప్పాలి. ఎక్కువమంది రాసేది ఇలా ఉంటుంది: 'టొమాటో ఈజ్ యాన్ ఇంపార్టెంట్ క్రాప్. దేర్‌ఫోర్ దిస్ స్టడీ ఈజ్ వెరీ సిగ్నిఫికెంట్.' పంట ముఖ్యమైనదైతే దాని మీద చేసిన ప్రతి పనీ ముఖ్యమైనదైపోదు. టమాటాను ఎండబెట్టే పద్ధతి మీద మీ పరిశోధన అనుకుందాం. అప్పుడు ఇలా మొదలుపెట్టండి: మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయిన రోజుల్లో కోత కూలి కూడా రాక రైతులు కాయను తోటలోనే వదిలేస్తారు. తక్కువ ఖర్చుతో ఊళ్లోనే ఎండబెట్టుకోగలిగితే ఆ కాయకు ఇంకో దారి ఉంటుంది. అందుకు ఎంత ఎండ, ఎన్ని గంటలు, ఎంత మందంలో కోయాలి అన్నది ఈ పరిశోధన తేలుస్తుంది. తర్వాత ఎవరికి ఉపయోగమో వరసగా రాయండి: ముందు రైతుకు, ఆపై మహిళా సంఘాలకు, చివర తర్వాతి పరిశోధకులకు. పేజీన్నర మించకూడదు. ఫలితాలు ముందే ఇక్కడ చెప్పేయకండి, వాటి చోటు నాలుగో అధ్యాయం.